లువాంగ్ ప్రబాంగ్‌లో పదమూడో డబ్బా

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్లందరూ ముందు ఈ ముక్కే అంటారని తెలుసు. కానీ నేను ఇరవై ఆరేళ్లుగా నారాయణగూడలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతున్నాను. బంతి, నారింజకాయ, టార్చిలైటు పెట్టి గ్రహణం ఎందుకు పడుతుందో పిల్లలకు చూపించడం నా ఉద్యోగం. గ్రహణం రోజు కూర తరగకూడదన్న తోటి టీచరుతో వాదన పెట్టుకుని, ఆమెతో ఆర్నెల్లు మాటల్లేకుండా ఉన్న మనిషిని నేను.

కాబట్టి దీన్ని ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. నాకే అర్థం కాక రాస్తున్నాను. ఎవరైనా చదివి, "ఇదిగో, ఇక్కడ పొరబడ్డావు" అని వేలు పెట్టి చూపిస్తే వారికి దణ్ణం పెడతాను.

నేను పెళ్లి చేసుకోలేదు. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాను. సెలవులొస్తే ఆసియాలో ఏదో ఒక దేశానికి వెళ్లిరావడం నాకున్న ఒకే ఒక్క సరదా. శ్రీలంక, కంబోడియా, బాలి, నేపాల్, అన్నీ అలా చూసినవే. మ్యాపు మీద పిల్లలకు చూపించే ఊళ్లను కళ్లారా చూడాలన్న పిచ్చి. వెళ్లే ముందు రెండు నెలలు ఆ దేశం గురించి చదువుతాను. గుడిలో ఎలా కూర్చోవాలి, పెద్దవాళ్లకు ఎలా నమస్కరించాలి, ఏది తాకకూడదు, అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటాను. వెళ్లాక తల వంచుకుని, గొంతు తగ్గించుకుని, ఎవరికీ అడ్డం రాకుండా తిరిగి వచ్చేస్తాను. ఆ దేశాల్లో నన్ను గుర్తు పెట్టుకున్నవాళ్లు ఒక్కరూ ఉండరు. అదే మర్యాద అనుకునేదాన్ని.

మా అక్క వసుంధర ఇందులో నాకు పూర్తిగా ఎదురు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. వాళ్ల ఫ్లాటు అశోక్‌నగర్‌లో, మా ఇంటి నుంచి నడిస్తే పదిహేను నిమిషాలు. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైంది. రిటైరైన ఏడాదే నాతో వియత్నాం వచ్చింది.

ఆ ప్రయాణం నాకు నరకం. అక్క ప్రపంచంలో ఎవరితోనైనా తెలుగే మాట్లాడుతుంది. ఇంగ్లీషు రాక కాదు, ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో అదే రాసింది. "మనసులోది చెప్పేటప్పుడు మన మాటే రావాలి కదే" అంటుంది. హనోయిలో హోటల్ కుర్రాడితో తెలుగు, ఆటో లాంటి సైకిల్ బండివాడితో తెలుగు, పోలీసుతో తెలుగు. భోజనం బల్ల మీద ఆవకాయ సీసా తెరిచి పక్క బల్లలవాళ్లకు కూడా వడ్డించింది. హోయాన్ అనే ఊళ్లో కాగితం లాంతర్లు చేసే ముసలావిడ పక్కన చతికిలబడి గంటసేపు మాట్లాడింది. ఆవిడది వియత్నామీసు, ఈవిడది తెలుగు. మధ్యలో ఇద్దరూ కళ్లొత్తుకున్నారు కూడా. నేను గైడు పుస్తకం పట్టుకుని ఎండలో నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత అడిగితే, "ఆవిడ కొడుకు పడవ మునిగి పోయాట్టే" అంది. ఆ సంగతి ఆమెకెలా తెలిసిందో నేను అడగలేదు. అడిగే ఓపిక లేకపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ మరుసటేడు అక్క లావోస్ వెళ్దామంది. లువాంగ్ ప్రబాంగ్ అనే ఊళ్లో ఒక గెస్ట్‌హౌస్ ఫొటో ఫోన్‌లో చూపించింది. గదుల ఫొటోలు కాదు, వాళ్ల వంటింటి ఫొటో. "ఈ పొయ్యి చూడవే, ఈవిడ మంచి మనిషి అయ్యుంటుంది" అని తనే ఇద్దరికీ గది బుక్ చేసేసింది. దసరా సెలవులకు.

నేను అబద్ధం చెప్పాను. టెన్త్ పిల్లలకు సెలవుల్లో స్పెషల్ క్లాసులు పెట్టారు, మేనేజ్‌మెంట్ నాకు సెలవు ఇవ్వలేదన్నాను. స్పెషల్ క్లాసులూ లేవు, ఏమీ లేవు. ఆమెతో మళ్లీ దేశం కాని దేశంలో తలదించుకుని తిరగడం ఇష్టం లేక చెప్పాను. "పోనీలే, సెలవు దొరికినప్పుడే వెళ్దాం" అంది అక్క. గది వద్దని ఫోన్‌లోనే కొట్టేసింది.

ఆ పది రోజులూ చిక్కడపల్లిలో దొంగలా బతికాను. పొద్దున బడికి వెళ్లే వేళకు కిటికీ రెక్కలు మూసుకునేదాన్ని. కూరగాయలకు కూడా బయటికి వెళ్లలేదు. అక్క మార్కెట్‌కి వచ్చేది మా వీధిలోంచే. ఇంట్లోనే ఉండి ఆమె ఫోన్ ఎత్తకుండా, సాయంత్రం ఐదు దాటాక "క్లాసులో ఉన్నానక్కా" అని మెసేజ్ పెట్టేదాన్ని. యాభై రెండేళ్ల మనిషిని చేయాల్సిన పనేనా అది.

దసరా మర్నాడు సాయంత్రం బావగారు ఫోన్ చేశారు. అక్కకు మెదడులో రక్తనాళం చిట్లింది. హిమాయత్‌నగర్ వైపు ఒక ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. పది రోజులకు దగ్గరగా ఉంది. కళ్లు తెరవలేదు. పౌర్ణమి వెళ్లింది, అట్లతద్ది వచ్చింది, ఆ తర్వాత రెండు రోజులకు పోయింది.

అప్పటి నుంచి నన్ను ఒకే ప్రశ్న తినేస్తోంది. నేను అబద్ధం చెప్పానని ఆమెకు తెలిసే పోయిందా, తెలియకుండానే పోయిందా. అడగడానికి మనిషి లేదు. బావగారిని అడిగే ముఖం నాకు లేదు.

మరుసటి వేసవి సెలవుల్లో ఒంటరిగా లావోస్ వెళ్లాను. అదే ఊరు, అదే గెస్ట్‌హౌస్. ఆమె ఎంచుకున్న చోటికి వెళ్తే మనసు తేలికపడుతుందనుకున్నానేమో. అయితే అందులో మహిమలేం లేవు, నేనే కావాలని బుక్ చేసుకున్నాను. ఇది గుర్తుంచుకోండి.

లువాంగ్ ప్రబాంగ్ రెండు నదుల మధ్య ఇరికిన చిన్న ఊరు. సన్న సందులు, చెక్క ఇళ్లు, కాషాయం గుడ్డలు ఆరేసిన మఠాలు. గెస్ట్‌హౌస్ మెకాంగ్ నది మెట్లకు దగ్గర్లో. ఆరు గదులు, వెనక వంటిల్లు. యజమానురాలి పేరు నోయ్. యాభై దాటిన మనిషి. ఆమె తల్లికి ఎనభై ఉంటాయి, రోజంతా వంటింటి గడపలోనే కూర్చుని ఉండేది.

నేను మిట్టమధ్యాహ్నం చేరాను. నోయ్ గారు నా ముఖం చూసి, తర్వాత నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూశారు. ఎవరూ లేరు. లోపలికి వెళ్లి వంటింటి అల్మారాలోంచి ఒక వస్తువు తెచ్చి, రెండు చేతులతో నా ముందు పెట్టారు.

అది గుండ్రటి స్టీలు డబ్బా. మూత మీద తెలుగు అక్షరాలు. "వసుంధర, అట్లతద్ది". పక్కన అయిదు రేకుల పువ్వు.

మన ఇళ్లలో స్టీలు సామాను మీద పేరు చెక్కించడం తెలిసిందే కదా. ఎనిమిదేళ్ల కిందట అక్క అట్లతద్ది ఉద్యాపన చేసుకుంది. పదకొండుమంది ముత్తైదువులకు పదకొండేసి అట్లు వాయనం ఇవ్వాలి. అట్లు ఆకులో కట్టి ఇస్తే బాగుండదని స్టీలు డబ్బాల్లో పెట్టి ఇచ్చింది. నారాయణగూడలో ఒక స్టీలు సామాన్ల షాపులో వాటికి పేరు చెక్కించింది. వాయనానికి పదకొండు, తనకు ఒకటి, మొత్తం పన్నెండు. నేను పెళ్లికానిదాన్ని, నాకు వాయనం లేదు. "నీకూ ఒకటి చేయిస్తానే" అంటూనే ఉండేది. "నాకెందుకక్కా నీ డబ్బా" అని కసిరేదాన్ని.

నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబుతాను. ఆ పదకొండు మందిలో ఎవరో లావోస్ వచ్చి ఇక్కడ మరిచిపోయారు అనుకున్నాను. మనవాళ్లు చేసే పనే అది. పులిహోర కట్టుకుని వస్తారు, డబ్బా వదిలేసి వెళ్తారు.

నోయ్ గారికి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. మిగతాది ఫోన్‌లో మాట్లాడి అనువాదం చేసుకున్నాం. ఆమె చెప్పింది ఇది. నది మీద దీపాల పడవలు వదిలే పండుగ అయిన రెండో నాడు, పగలు మూడింటప్పుడు, నా పోలికలున్న పెద్దావిడ వచ్చింది. నేత చీర. సామానేం లేదు, చేతిలో ఈ డబ్బా తప్ప. గది అడగలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. డబ్బాలో బియ్యప్పిండి అట్ల లాంటివి ఉన్నాయి. ఇంట్లో పిల్లలు తినేశారు. ఆవిడ మాత్రం ఏమీ తినలేదు.

ఏ భాషలో మాట్లాడిందని అడిగాను. నోయ్ గారు తెల్లబోయారు. ఆ ప్రశ్న ఆమెకు అంతవరకూ తోచినట్టు లేదు. తల్లిని అడిగారు. ముసలావిడ మన లావో భాషే అంది. నోయ్ గారు కాదు, ఆవిడ భాషలోనే అన్నారు. తల్లీకూతుళ్లు కాసేపు దాని మీద వాదించుకుని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

నా ఫోన్‌లో అక్క ఆఫీసు వీడ్కోలు ఫొటో ఉంది. ఏడుగురు ఆడవాళ్లు, అందరికీ ఒకే రంగు చీర. ఎవరో చెప్పకుండా ముసలావిడకు చూపించాను. పరీక్ష పెట్టడం నాకు అలవాటు. ఆవిడ అద్దాలు కూడా పెట్టుకోకుండా అక్క మీద వేలు పెట్టింది.

ఆవిడ చేతులు మంచులా ఉన్నాయట, మనిషి నిలకడగా లేదట. అందుకని తల్లీకూతుళ్లు ఆమె మణికట్టుకు తెల్ల నూలు దారాలు కట్టారట. ఈ ఆచారం గురించి నేను ముందే చదివాను. మనిషి ఒంట్లో ముప్పై రెండు ప్రాణాలుంటాయని, జబ్బు చేసినా బెదిరినా అవి ఒంటిని వదిలి ఎటో తిరుగుతుంటాయని, పేరు పెట్టి పిలిచి దారంతో కట్టి నిలబెట్టాలని లావోస్‌లో నమ్మకం. ఇదంతా నా నోటు పుస్తకంలో చక్కగా రాసుకున్నాను. "ఇంటికి వెళ్లు, ఇంటికి వెళ్లు అని చెప్పి కట్టాం" అన్నారు నోయ్ గారు. ఆమెకు అది వింత కాదు. జ్వరం వస్తే తడిగుడ్డ వేశాం అన్నట్టే చెప్పారు.

వెళ్లేటప్పుడు ఈ డబ్బా నా కోసం ఉంచమందట. ఏమని చెప్పిందో నోయ్ గారు ఫోన్‌లో మాట్లాడితే, ఫోన్ ఇంగ్లీషులో చూపించింది. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "సెలవు దొరికాక మా చెల్లెలు వస్తుంది."

వెంటనే ఫోన్ తీసి దీపాల పండుగ ఎప్పుడొస్తుందో చూశాను. వాళ్లకు వర్షాకాలపు దీక్షలు ముగిసే పౌర్ణమి, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమి. దీపాల పడవలు ఆ మర్నాడు. దాని రెండో నాడంటే తదియ. అట్లతద్ది. ఆ రోజు పగలు మూడింటికి అక్క హిమాయత్‌నగర్‌లో నోట్లో గొట్టంతో పడుకుని ఉంది. అద్దం తలుపు ఇవతల నేనున్నాను.

ఆమె చనిపోయిందని, అప్పటికి రెండు రోజుల తర్వాతే అని నోయ్ గారికి చెప్పాను. ఆమె తల్లికి చెప్పారు. ముసలావిడ తలూపి ఏదో అంది. "అయితే ఇల్లు చేరాకే పోయిందన్నమాట" అని దాని అర్థం. తర్వాత నా చెయ్యి లాక్కుని నాకూ దారాలు కట్టింది.

మిగిలిన నాలుగు రోజుల్లో నేను చూడాల్సిన జలపాతం, మ్యూజియం ఏవీ చూడలేదు. వంటింట్లోనే కూర్చున్నాను. నాకు లావో రాదు. ఊరికే కూర్చున్నాను.

హైదరాబాద్ వచ్చాక బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. డబ్బా పన్నెండింటిలో ఒకటే అయ్యుండాలి. ఏ ఇంట్లో లేదో తేలితే ఎవరు లావోస్ వెళ్లారో తేలుతుంది. అక్క స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో నన్నూ ఎప్పుడో చేర్చారు. వాయనం తీసుకున్న వాళ్లందరూ తమ తమ డబ్బాల ఫొటోలు పెట్టండి, అక్క గుర్తుగా దాచుకుంటాను అని రాశాను. మళ్లీ అబద్ధమే.

ఎనిమిది ఫొటోలు గంటలో వచ్చాయి. బర్కత్‌పురలో ఉండే ఇద్దరి ఇళ్లకు నేనే వెళ్లి చూశాను. ఒక దాంట్లో మెంతులు, ఒక దాంట్లో సూదులు, దారాలు. మిగిలింది సువర్ణ గారు. అక్క వాళ్ల ఫ్లాట్ల కిందింటావిడ, అక్కకు ప్రాణ స్నేహితురాలు. వీళ్లది ఈ ఊరే, తాతల నాటి నుంచి. తలుపు తీస్తూనే నవ్వింది.

"ఏంది టీచరమ్మా, మీ అక్క ఇచ్చిన డబ్బా వాపస్ కావాల్నా ఏంది? అందుట్ల నేను శక్కర పోసుకుంటున్న. మా ఇంట్ల అందరికీ అదే అలవాటైంది, జర ఉండనియ్యి."

డబ్బా చూపించమన్నాను. చక్కెరతో సహా తెచ్చి చూపించింది. నా ముఖం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏమైందమ్మా? ఎందుకట్ల పరేషానైతున్నవ్?" అంది. డబ్బా ఆమె చేతికే ఇచ్చి వచ్చేశాను.

అలా పదకొండూ తేలాయి. అక్కది పన్నెండోది, బావగారింట్లో పోపుల పెట్టె పక్కనే ఉంటుంది. నేనే ఎన్నోసార్లు చూశాను, ఆ రోజూ వెళ్లి చూసి వచ్చాను. ఎవరూ లావోస్ వెళ్లలేదు. నా సంచిలో ఉన్నది పదమూడోది.

స్టీలు షాపుకు తీసుకెళ్లాను. చెక్కే ఆయన ఆ షాపులో కొన్నేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుంటున్నాడు. మూత తిప్పి చూశాడు. "నా చెయ్యే మేడం ఇది. ఈ పువ్వు నేనే ఏస్త, వేరేటోళ్లు ఎయ్యరు" అన్నాడు. ఎనిమిదేళ్ల కిందటిది కదా అన్నాను. కాదన్నాడు. వెలుతురులో పెట్టి గీతలు చూపించాడు. "పాత మిషన్ గీత లావుగ పడుతుండె. ఇది కొత్త మిషన్ది. మొన్న దసరాకు పూజ చేసి చాలూ చేసిన."

దసరా తర్వాత ఎవరైనా ఈ పేరుతో చెక్కించుకున్నారా అని అడిగాను. "ఆయుధ పూజ అయినంక మొదటి పని ఒకటి చేసి ఇస్త. ఎవరో ఒకామె వచ్చినట్టే యాదికొస్తుంది. కానీ ఎవరిదో చెప్పమంటే చెప్పలేను మేడం. రోజుకు ఎన్ని పేర్లు కొడత."

అంతే. అవుననీ లేదు, కాదనీ లేదు.

చివరికి బావగారి దగ్గరకు వెళ్లక తప్పలేదు. ఆదివారం పొద్దున. ఆయన పేపర్ చదువుతున్నారు. డబ్బా బల్ల మీద పెట్టి లావోస్ సంగతంతా చెప్పాను, దారాల సంగతితో సహా. ఆయన రిటైరైన ఇంజనీరు. నేను పిచ్చిదాన్నంటారని ఎదురుచూశాను. అలా అంటే బాగుండుననుకున్నాను కూడా.

ఆయన లేచి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. ఆసుపత్రిలో అక్క ఒంటి మీది వస్తువులు తీసి నర్సు చేతికిచ్చిన కవరు. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక. వాటి అడుగున తెల్ల నూలు దారాలు, నాలుగైదు పోగులు, మధ్యలో ముడి.

"ఇది నువ్వు కట్టావనుకున్నాను భారతీ" అన్నారు. "ఆ రోజు అట్లతద్ది కదా, అక్కకి తోరం కట్టుకునే అలవాటు కదా అని నువ్వే కట్టి ఉంటావనుకున్నా. అడగలేదు."

అట్లతద్ది తోరానికి పసుపు రాస్తారు. ఇవి తెల్లగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఐసీయూలో ఆమె మణికట్టు దగ్గర తెల్లగా ఏదో చూసిన గుర్తు నాకూ ఉంది. ఆసుపత్రివాళ్లు చుట్టిన ప్లాస్టరనుకున్నాను. నాకు కట్టిన దారాలు మూడు రోజుల తర్వాత విప్పి నోటు పుస్తకంలో పెట్టుకున్నాను. తీసి పక్కన పెట్టి చూశాం. ఒకేలా ఉన్నాయి. నూలు ఎక్కడైనా నూలే అని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడు చెప్పేశాను. స్పెషల్ క్లాసులు లేవని, సెలవు ఉందని, అక్కతో వెళ్లడం నామోషీ అనిపించి అబద్ధమాడానని. ఏడుస్తూనే చెప్పాను.

ఆయన పేపర్ మడిచారు. "మాకు తెలుసమ్మా" అన్నారు.

దసరా మర్నాడు పొద్దున అక్క అట్లు పోసిందట. అట్లతద్దికి ఇంకా వారం ఉంది, ఇప్పుడెందుకంటే, చెల్లెలు స్పెషల్ క్లాసులతో తిండి లేకుండా తిరుగుతోంది, బళ్లో ఇచ్చి వస్తానందట. కొత్త డబ్బాలో పెట్టుకుని నారాయణగూడ దాకా నడిచి వెళ్లింది. బడి గేటుకు తాళం. వాచ్‌మన్ దసరా సెలవులు మేడం, క్లాసుల్లేవు, ఎవరూ రావట్లేదన్నాడు. ఇంటికి వచ్చి బావగారికి అంతే చెప్పింది.

"కోప్పడిందా బావగారూ?" అని అడిగాను.

"కోపమో ఏమో తెలియలేదు. బుద్ధావతారంలా కూర్చుంది కాసేపు. డబ్బా ఏది, వాచ్‌మన్ దగ్గరే మర్చిపోయావా అన్నాను. 'దానికి చేరుతుందిలెండి' అంది. లోపలికెళ్లి పడుకుంది. నాలుగింటికి టీ పెట్టి లేపితే లేవలేదు."

మర్నాడు బడికి వెళ్లగానే వాచ్‌మన్‌ను అడిగాను. "అవును మేడం, మీ అక్క వచ్చిన్రు, మీ గురించి అడిగిన్రు, పోయిన్రు. నా చేతికి అయితే ఏం ఇయ్యలే" అన్నాడు. చేతిలో డబ్బా ఉందా అంటే చూడలేదన్నాడు. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా ఆమె నడిచిన దారిలో ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు. వాళ్లు ఇంకెవరికో ఇచ్చి ఉండొచ్చు. అది విమానం ఎక్కి లావోస్ చేరి ఉండొచ్చు. ఇవన్నీ ఒక్కొక్కటిగా జరగదగినవే. మధ్యలో ఒక్క మనిషి దొరికితే చాలు, నేను నిశ్చింతగా నిద్రపోతాను. ఇంతవరకు దొరకలేదు.

నిజం చెప్పాలంటే ఇప్పుడు నన్ను వేధిస్తున్నది డబ్బా కాదు. అక్కకు నా అబద్ధం తెలుసు. తెలిసిన తర్వాతే ఆ వంటింట్లో కూర్చుని "సెలవు దొరికాక మా చెల్లెలు వస్తుంది" అంది. అసలు ఆ మాట అన్నది నిజమైతే. నా పరువు నలుగురిలో కాపాడుతూ అందా, నన్ను ఎత్తిపొడుస్తూ అందా? అక్క రెండూ అనగలదు. అదే మాటను, అదే గొంతుతో.

ఆలోచించీ ఆలోచించీ ఒక రోజు మధ్యాహ్నం నోయ్ గారికి మెసేజ్ పెట్టాను. ఆ మాట అన్నప్పుడు మా అక్క ముఖం ఎలా ఉంది, నవ్వుతూ ఉందా, కోపంగా ఉందా, దయచేసి గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి అని. పిల్లలను ప్రశ్న పత్రంలో అడిగినట్టే అడిగాను.

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఎప్పుడూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాసే మనిషి, ఈసారి లావోలో రాశారు. మూడు వరుసలు. ఆ లిపి మన లిపిలాగే గుండ్రంగా ఉంటుంది, చూస్తుంటే చదవగలమనిపిస్తుంది, ఒక్క అక్షరం కూడా తెలియదు. కింద అనువాదానికి మీట ఉంది.

వేలితో ఒక్కసారి తాకితే తెలిసిపోతుంది. నెలలు గడిచాయి. మధ్యలో ఫోన్ పాడై కొత్తది తీసుకున్నాను. షాపులో నిలబడే ముందుగా ఆ మూడు వరుసలు వచ్చాయో లేదో చూసుకున్నాను. వచ్చాయి, కింద మీట కూడా ఉంది. నేను ఇంకా నొక్కలేదు.